షెరీఫు, షావుకారు, సిపాయి

అమెరికా అంతర్యుద్ధం ముగిశాక వచ్చిన పన్నెండేళ్ళను (1865–1877) అక్కడి చరిత్రలో పునర్నిర్మాణ కాలం అంటారు. దాని గురించి రాసేవాళ్ళు చాలామంది మూడు రాజ్యాంగ సవరణలతో మొదలుపెడతారు. పదమూడోది బానిసత్వాన్ని రద్దు చేసింది, పద్నాలుగోది పౌరసత్వాన్నీ చట్టం ముందు సమాన రక్షణనూ ఇచ్చింది, పదిహేనోది రంగు పేరు చెప్పి ఓటు కాదనకూడదంది. ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా 1877 తర్వాత ఎవరూ కొట్టెయ్యలేదు. అయినా దక్షిణాదిలో నల్లవారి ఓటు పోయింది, భూమి దక్కలేదు, కూలి అప్పులోకి జారిపోయింది. ఎలా?

దీనికి జవాబు వాషింగ్టన్‌లో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం కౌంటీ (మన జిల్లా లాంటిది) కచేరీలో ఉంది. కూలి ఒప్పందం ఎవరు రాశారు, అరువు ఖాతా ఎవరి దగ్గర ఉంది, అరెస్టు చేసే అధికారం ఎవరిది, ఓట్లు లెక్కపెట్టింది ఎవరు, పిలిస్తే వచ్చేంత దూరంలో సైన్యం ఉందా లేదా. పునర్నిర్మాణం అనే పెద్ద మాటను ఈ చిన్న ప్రశ్నలుగా విడగొడితే తప్ప అది ఎక్కడ విరిగిందో కనిపించదు.

ముందు భూమి సంగతి. దాదాపు 40 లక్షల మంది బానిసత్వం నుంచి బయటపడ్డారు. చేతిలో వ్యవసాయం తెలిసిన పనితనం ఉంది, అంతే. నేల లేదు, కంచర గాడిద లేదు, నాగలి లేదు, పంట చేతికొచ్చేదాకా తినడానికి గింజలు లేవు. 1865 జనవరి 12న సవానా పట్టణంలో యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్, ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ ఇరవైమంది నల్లజాతి చర్చి పెద్దలను కూర్చోబెట్టి మీకు ఏం కావాలని అడిగారు. వాళ్ళ తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్ తన స్వేచ్ఛనూ తన భార్య స్వేచ్ఛనూ 1857లో వెయ్యి డాలర్లు పోసి కొనుక్కున్న మనిషి. మాకు భూమి ఇవ్వండి, మా చేతులతో దున్నుకుని బతుకుతాం అన్నది ఆయన మాటల సారాంశం. నాలుగు రోజుల తర్వాత షెర్మన్ 15వ నంబరు ఫీల్డ్ ఆర్డర్ వెలువడింది. చార్లెస్టన్ నుంచి దక్షిణాన ఉన్న దీవులు, సముద్రం నుంచి ముప్పై మైళ్ళ లోపలిదాకా నదుల పక్కన వదిలేసిన వరి పొలాలు, ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది వెంట నేల, ఇవన్నీ నల్లజాతి కుటుంబాలకు కేటాయించారు. కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా. ఆ వేసవికల్లా సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరాల్లో కుదురుకున్నారు.

ఈ ఆర్డర్‌ని చాలామంది ఒక ఉదార ప్రకటనగా చెబుతారు. నిజానికి సైన్యం వెనకే నడిచి వస్తున్న వేలాదిమందిని ఎక్కడో ఒకచోట దింపాలన్న అవసరం అందులో ఎక్కువ. అసలు లోపం పట్టాలోనే ఉంది. ఇచ్చింది అనుభవ హక్కు మాత్రమే, పూర్తి యాజమాన్యం కాదు. దాన్ని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) తర్వాత ఖరారు చెయ్యాలి. ఖరారు కాలేదు. ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది, ఆండ్రూ జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. మే 29న ఆయన క్షమాభిక్ష ప్రకటన చేశాడు. విధేయతా ప్రమాణం చేసిన దక్షిణాది తిరుగుబాటుదారుకి బానిసలు తప్ప మిగిలిన ఆస్తి అంతా వెనక్కి వస్తుంది. 20,000 డాలర్లకు పైగా ఆస్తి ఉన్నవాళ్ళు మాత్రం విడిగా అర్జీ పెట్టుకోవాలి. అర్జీలు వేలల్లో వచ్చాయి, క్షమాపణలూ వేలల్లోనే వెళ్ళాయి.

విముక్తులైన నల్లవారి బాగోగులు చూడటానికి ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధిపతి జనరల్ ఆలివర్ ఓటిస్ హోవర్డ్ జూలైలో 13వ సర్క్యులర్ ఇచ్చి, క్షమాపణ దొరికినా ఈ భూములు తిరిగివ్వక్కర్లేదని తన అధికారులకు చెప్పాడు. జాన్సన్ దాన్ని రద్దు చేయించాడు. సెప్టెంబరులో వచ్చిన 15వ సర్క్యులర్ దానికి సరిగ్గా తలకిందులు. అక్టోబరులో హోవర్డ్ స్వయంగా దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవికి వెళ్ళి, చర్చిలో నిండిపోయిన జనానికి భూములు తిరిగివ్వాలన్న మాట చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు ముగ్గురు సభ్యుల కమిటీ వేసుకుని ఆయనకూ అధ్యక్షుడికీ అర్జీలు రాశారు. ఫలితం లేకపోయింది. తర్వాత చెయ్యబోయిన ఏ మంచి పనికైనా పునాది అయ్యుండేది ఈ భూమే. అది మొదటి ఏడాదిలోనే చెయ్యి జారింది.

1866 జూన్‌లో కాంగ్రెస్ మరో దారి ప్రయత్నించింది. అలబామా, ఆర్కన్సా, ఫ్లోరిడా, లూయిజియానా, మిసిసిపీ రాష్ట్రాల్లో 4 కోట్ల 60 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమిని 80 ఎకరాల ముక్కలుగా ఇస్తామంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ మిగిలిన భూమిలో చాలాభాగం చిత్తడో, పైన్ అడవో. చెట్లు కొట్టి, మొదటి పంట తీసేదాకా కుటుంబానికి తిండి ఎవరు పెడతారన్నది చట్టంలో లేదు. నల్లవారికీ యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) పక్షాన నిలిచినవారికీ ఇచ్చిన మొదటి అవకాశం 1867 జనవరి 1తో తీరిపోయింది. ఆ ఆరు నెలలూ చాలామంది అప్పటికే సంవత్సరపు కూలి ఒప్పందాల్లో ఉన్నారు. మధ్యలో వదిలేస్తే అప్పటిదాకా చేసిన కూలి పోతుంది. 1876లో ఆ చట్టాన్నే ఎత్తేశారు.

మధ్యలో వదిలితే కూలి పోవడం అనేది ఊరికే వచ్చిన కట్టుబాటు కాదు. 1865 నవంబరులో మిసిసిపీ శాసనసభ దాన్ని చట్టంగా రాసింది. నల్లవారి కోడ్‌లు అని పేరుపడ్డ ఈ చట్టాలను ఒక యంత్రంలా చూడాలి, ఒక్కో మర ఇంకో మరను బిగిస్తుంది. మిసిసిపీలో నల్లవారు పట్టణాల బయట భూమి కౌలుకు తీసుకోకూడదు. అంటే సొంతంగా సాగు చేసుకునే దారి మూసేశారు. ప్రతి జనవరి రెండో సోమవారానికి ఇల్లూ ఉపాధీ ఉన్నట్టు రాతపూర్వకమైన ఆధారం చూపాలి. అంటే జనవరిలోపు ఎవరో ఒక యజమాని దగ్గర సంతకం పెట్టాలి. ఒప్పందం ముగియకముందే వెళ్ళిపోతే ఆ ఏడాది అప్పటిదాకా చేసిన కూలి రాదు. వెళ్ళిపోయినవాణ్ణి పట్టి తెచ్చినవాడికి ఐదు డాలర్లు, మైలుకు పది సెంట్లు. ఏ పనీ లేనివాడు దిమ్మరి కింద లెక్క, 50 డాలర్ల వరకు జరిమానా. ఐదు రోజుల్లో కట్టలేకపోతే, ఆ డబ్బు కట్టినవాడికి షెరీఫు అతన్ని పనికి అప్పగిస్తాడు. అనాథ పిల్లలను అప్రెంటిస్‌లుగా కట్టబెట్టేటప్పుడు మొదటి హక్కు పాత యజమానిదే. దక్షిణ కరోలినా డిసెంబరులో చేసిన చట్టంలో యజమాని, సేవకుడు అన్న మాటలు అలాగే రాశారు. వ్యవసాయం, ఇంటిపని తప్ప ఇంకేదైనా వృత్తి చెయ్యాలంటే నల్లవారు ఏటా 10 నుంచి 100 డాలర్ల దాకా లైసెన్సు రుసుము కట్టాలి.

ఇవి చూశాకే ఉత్తరాదిలో గట్టిగా కదలిక వచ్చింది. 1866 ఏప్రిల్‌లో జాన్సన్ వీటోను కాదని పౌరహక్కుల చట్టం చేశారు, తర్వాత పద్నాలుగో సవరణ. కోడ్‌లలో బాహాటంగా రంగు పేరు రాసినవి పడిపోయాయి. దిమ్మరితనం, ఒప్పంద భంగం లాంటివి రంగు పేరు లేకుండా తర్వాత మళ్ళీ వచ్చాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

పొలంలో ఏం జరిగిందో చూద్దాం. బ్యూరో ఏజెంటు పని ఒప్పందాన్ని చదివి వినిపించడం, ఇద్దరి చేతా సంతకం చేయించడం (చదువు రానివారు గుణకారపు గుర్తు పెట్టేవారు), ఒక ప్రతి తన దగ్గర ఉంచుకోవడం, సంవత్సరం చివర తగాదా వస్తే తీర్చడం. మొత్తం దక్షిణాదికి ఏ ఒక్క సమయంలోనూ 900 మందికి మించి ఏజెంట్లు లేరు. మొదటి రెండేళ్ళూ ఒప్పందాలు ఎక్కువగా నెలకూలివి. వారానికి ఒక పెక్ (సుమారు తొమ్మిది లీటర్ల కొలత) మొక్కజొన్న పిండి, మూడు నాలుగు పౌన్ల పంది మాంసం, ఉండటానికి పాత బానిసల గుడిసె. పాత పద్ధతిలోనే ముఠాగా పని, మీద మేస్త్రీ. 1866లోనూ 1867లోనూ పంటలు పోయాయి. భూస్వాముల దగ్గర రొక్కం లేదు, డిసెంబరులో చేతులెత్తేశారు. ఇటు కూలీలకు మేస్త్రీ కింద ముఠా పని అంటేనే అసహ్యం. ఈ రెండు ఇబ్బందుల నడుమ కుదిరిన రాజీయే పంటలో వాటాకు సాగు చేసే పాలు పద్ధతి. దీన్ని భూస్వాములు పన్నిన కుట్రగా మాత్రమే చెప్పడం సరికాదు. కుటుంబం తనకంటూ ఒక ముక్క తీసుకుని, తన వేళకు తాను పని చేసుకోవడం, ఆడవాళ్ళను ముఠా నుంచి తప్పించడం అప్పటికి చిన్న విజయమే. ఉరి వేరేచోట ఉంది, లెక్కలో ఉంది.

భూస్వామి నేల, గుడిసె, కంచర గాడిద, పనిముట్లు, విత్తనం ఇస్తే పంట సగం సగం. గాడిద, పనిముట్లు రైతువే అయితే భూస్వామికి మొక్కజొన్నలో మూడో వంతు, పత్తిలో నాలుగో వంతు. తేడా ఎంత పెద్దదో చూడండి. ఒక్క గాడిద ఉంటే పత్తిలో వాటా సగం నుంచి ముప్పావుకు పెరుగుతుంది. నలభై ఎకరాలతోపాటు గాడిద అన్న మాట జనం నోట ఎందుకు నిలిచిందో ఇక్కడ తెలుస్తుంది.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఖాతా వేస్తాను. పదిహేను ఎకరాల పత్తిలో ఆరు బేళ్ళు వచ్చాయనుకుందాం. బేలు 450 పౌన్లు, మొత్తం 2,700 పౌన్లు. పౌను పది సెంట్ల లెక్కన 270 డాలర్లు. సగపాలు 135. మార్చి నుంచి అక్టోబరు దాకా కుటుంబం షావుకారు దగ్గర తెచ్చుకున్న పిండి, మాంసం, బెల్లపు పాకం, బట్ట, బూట్లు, రొక్కానికైతే 90 డాలర్లవి. కానీ అంగట్లో రెండు ధరలు ఉంటాయి, రొక్కం ధర, అరువు ధర. అరువు ధర నలభై శాతం ఎక్కువైతే అది 126 అవుతుంది. గింజ తీయించడానికీ బేలు కట్టించడానికీ తన వంతు 12. మొత్తం 138. చేతికి రావలసింది 135. మూడు డాలర్లు బాకీ. అదే సరుకు రొక్కానికి కొనుంటే 33 డాలర్లు మిగిలేవి. అప్పు సగటున ఆరు నెలలే నిలిచింది కాబట్టి నలభై శాతం అంటే ఏడాదికి ఎనభై శాతం వడ్డీ. ఇందులో ఎక్కడా దొంగలెక్క లేదు. ఖాతా రాసేవాడు ఒక్కడే, అది చదవగలిగినవాడు కూడా చాలా ఇళ్ళలో లేడు కాబట్టి దొంగలెక్కలూ ఉండేవి. కానీ నిజాయితీగా రాసినా బాకీ తేలేది, ఆ సంగతే ముఖ్యం.

ఇంత వడ్డీ ఎలా నడిచింది? పోటీ లేక. 1863, 1864 జాతీయ బ్యాంకు చట్టాల ప్రకారం చిన్న ఊళ్ళో బ్యాంకు పెట్టాలన్నా 50,000 డాలర్ల మూలధనం ఉండాలి, అది భూమి తాకట్టు మీద అప్పివ్వకూడదు. రాష్ట్ర బ్యాంకుల నోట్ల మీద 1866 నుంచి పది శాతం పన్ను. యుద్ధంలో దక్షిణాది బ్యాంకులు ఎలాగూ మునిగిపోయాయి. మిగిలింది పల్లె షావుకారే. అతనికి భద్రతగా రాష్ట్రాలు పంట తాకట్టు చట్టాలు చేశాయి. ఇంకా మొలకెత్తని పంట మీద అప్పిచ్చినవాడికి మొదటి హక్కు. ఒకసారి ఒక షావుకారుకు పంట రాసిచ్చాక రెండోవాడు అరువివ్వడు. అంగడి మారే వీలు పోయింది. పైగా షావుకారు పత్తే వెయ్యమంటాడు. పత్తికి ఎప్పుడైనా రొక్కం వస్తుంది, ఇంట్లో తినెయ్యడానికి వీలుపడదు. పత్తి ఎక్కువ వేస్తే మొక్కజొన్న తగ్గుతుంది, మొక్కజొన్న తగ్గితే అరువు పిండి పెరుగుతుంది. అందరూ పత్తే వేశారు కాబట్టి ధరా పడిపోయింది. 1872లో జార్జియా సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది. సగపాలుకు చేసేవాడు కౌలుదారు కాదు, పంటగా కూలి తీసుకునే కూలీ అంది. అంటే పంట మీద స్వాధీనం భూస్వామిదే, అమ్ముకునే హక్కు రైతుకు లేదు. తెల్లజాతి పేద రైతులు కూడా పెద్ద సంఖ్యలో ఇదే ఉచ్చులో పడ్డారు.

దాచుకున్నవాళ్ళకు దక్కిందీ అంతే. 1865 మార్చి 3న, బ్యూరో పుట్టిన రోజే, ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకుకూ చార్టర్ ఇచ్చారు. పాసుపుస్తకం మీద లింకన్ బొమ్మ చూసి ఇది సర్కారు బ్యాంకే అనుకున్నారు జనం. ప్రభుత్వ హామీ మాత్రం లేదు. మొదట డిపాజిట్లను ప్రభుత్వ బాండ్లలోనే పెట్టాలన్న నియమం ఉండేది. 1870లో దాన్ని సడలించి స్థిరాస్తి మీద అప్పులివ్వవచ్చన్నారు. ఆ సడలింపుతోనే వాషింగ్టన్ పెద్దల సొంత వ్యాపారాలకు సొమ్ము పోయింది. 1873 ఆర్థిక సంక్షోభంలో అప్పులు మునిగాయి. 1874 మార్చిలో పేరున్న నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆయన తన 10,000 డాలర్లు కూడా అందులో వేసి, పుస్తకాలు చూశాక మూసెయ్యమన్నాడు. 61,000 మంది డిపాజిటర్లకు దాదాపు 30 లక్షల డాలర్లు బాకీ. చాలామందికి చివరికి సగం కంటే కాస్త ఎక్కువ ముట్టింది, కొందరికి అదీ లేదు.

ఇక రాజ్యం. 1867 మార్చి 2 చట్టంతో టెనెసీ తప్ప మిగిలిన పది తిరుగుబాటు రాష్ట్రాలను ఐదు సైనిక మండలాలుగా విభజించారు. వర్జీనియా ఒకటి, రెండు కరోలినాలు ఒకటి, జార్జియా, అలబామా, ఫ్లోరిడా ఒకటి, మిసిసిపీ, ఆర్కన్సా ఒకటి, లూయిజియానా, టెక్సస్ ఒకటి. తిరిగి కాంగ్రెస్‌లో చేరడానికి దారి ఇది. సైన్యం నల్లజాతి మగవారితో సహా ఓటర్ల జాబితా రాయిస్తుంది. వాళ్ళు రాజ్యాంగ సభను ఎన్నుకుంటారు. ఆ సభ అందరు మగవారికీ ఓటిచ్చే రాజ్యాంగం రాయాలి, దాన్ని జనం ఆమోదించాలి, కొత్త శాసనసభ పద్నాలుగో సవరణను ఆమోదించాలి. అప్పుడు కాంగ్రెస్ చూసి చేర్చుకుంటుంది. సుమారు ఏడు లక్షల మంది నల్లజాతి ఓటర్లు నమోదయ్యారు.

ఈ పద్ధతిలో ఒక కన్నం ఉండిపోయింది. రాజ్యాంగం నెగ్గాలంటే నమోదైన ఓటర్లలో సగానికి పైగా ఓటు వెయ్యాలన్నారు. 1868 ఫిబ్రవరిలో అలబామా వ్యతిరేకులు ఓటు వెయ్యడం మానేసి ఇళ్ళలో కూర్చున్నారు. వేసినవాళ్ళలో దాదాపు అందరూ అవునన్నా సంఖ్య చాల్లేదు. కాంగ్రెస్ మార్చిలో నిబంధన మార్చి, పోలైన ఓట్లలో ఎక్కువ వస్తే చాలంది. జార్జియా ఇంకా ముదురు. చేరాక, 1868 సెప్టెంబరులో, నల్లజాతి సభ్యులను శాసనసభ నుంచి గెంటేసింది. దాన్ని మళ్ళీ సైనిక పాలన కిందికి తెచ్చి, 1870 జూలైలో గానీ తిరిగి చేర్చుకోలేదు.

కొత్త ప్రభుత్వాలు దక్షిణాదికి మొదటిసారి రాష్ట్రమంతటా బడులు ఇచ్చాయి. రైల్వే బాండ్లలో లంచాలూ జరిగాయి, దాచాల్సిన పని లేదు. మిసిసిపీ నుంచి నల్లజాతివాడైన హైరమ్ రెవెల్స్ 1870లో సెనేటర్ అయ్యాడు. అయితే మామూలు మనిషికి సెనేటర్ కంటే షెరీఫు ముఖ్యం. మిసిసిపీలో షెరీఫు అరెస్టు చెయ్యడమే కాదు, పన్నులూ వసూలు చేసేవాడు. అందుకే ఆ పదవికి పెద్ద మొత్తానికి పూచీకత్తు చూపాలి. పూచీ పడగల ఆస్తి తెల్లవారి దగ్గరే ఉంది. ఎన్నికలో ఓడించలేని చోట పూచీ సంతకం పెట్టకుండా బిగబట్టడం ఒక మామూలు ఎత్తుగడ అయింది. అదీ పారకపోతే తుపాకి. 1874 డిసెంబరులో విక్స్‌బర్గ్‌లో నల్లజాతి షెరీఫు పీటర్ క్రాస్బీ చేత బలవంతంగా రాజీనామా రాయించారు. ఆయన్ను తిరిగి నిలబెట్టడానికి పల్లెల నుంచి వస్తున్న నల్లవారిని పట్టణ పొలిమేరల్లో కాల్చి చంపారు.

సిపాయి దగ్గరకు వద్దాం. 1865 మేలో పది లక్షలున్న సైన్యం 1866 శరదృతువుకు 38,000 అయింది. అందులో చాలామంది పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. ఉన్న కొద్దిమందినైనా సరిగ్గా వాడితే ఏమవుతుందో దక్షిణ కరోలినాలో తెలిసింది. నల్లవారి మీద దాడులు చేసే తెల్లవారి రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్‌ను అణచడానికి 1870, 1871లో ఎన్‌ఫోర్స్‌మెంట్ చట్టాలు వచ్చాయి. 1871 అక్టోబరులో అధ్యక్షుడు గ్రాంట్ తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్ హక్కును (నిర్బంధించినవాణ్ణి కోర్టు ముందు నిలపాలన్న హక్కు) నిలిపివేశాడు. అటార్నీ జనరల్ ఏమస్ ఎకర్మన్ దగ్గరుండి కేసులు నడిపాడు. వందలమందిని పట్టుకున్నారు, ఇంకెంతోమంది పారిపోయారు. ఆ ప్రాంతంలో క్లాన్ నడుం విరిగింది. 1872 ఎన్నికలు ఆ కాలానికి ప్రశాంతంగా జరిగాయి. ఎకర్మన్‌ను మాత్రం అంతకుముందే, 1871 డిసెంబరులో, రాజీనామా చేయించి పదవి నుంచి దింపేశారు. పునర్నిర్మాణం ఎలాగూ సాధ్యం కాని పని అనేవారికి నేను చూపేది ఈ తొమ్మిది కౌంటీలనే.

తర్వాత కోర్టు ఆ ఆయుధాన్ని మొండి చేసింది. 1873 ఏప్రిల్ 13న లూయిజియానాలోని కోల్‌ఫాక్స్ కచేరీ దగ్గర పదుల సంఖ్యలో నల్లవారిని చంపారు, లొంగిపోయినవాళ్ళతో సహా. ఆ కేసులో 1876 మార్చిలో సుప్రీంకోర్టు పద్నాలుగో సవరణ రాష్ట్ర ప్రభుత్వాలనే కట్టడి చేస్తుంది గానీ ప్రైవేటు మనుషులను కాదంటూ శిక్షలను రద్దు చేసింది. హత్య రాష్ట్రం చూసుకోవలసిన నేరం. రాష్ట్రం అంటే మళ్ళీ ఆ కౌంటీ షెరీఫే, ఆ ఊరి జ్యూరీయే.

1875 ఎన్నికల్లో మిసిసిపీ గవర్నర్ అడెల్బర్ట్ ఏమ్స్ సైన్యం పంపమని అడిగాడు, వాషింగ్టన్ పంపలేదు. ముసుగులు లేకుండా, పట్టపగలు, సాయుధ దళాలు ఊళ్ళ మీద తిరిగాయి. నల్లవారే అధికంగా ఉన్న యాజూ కౌంటీలో, నల్లవారు మద్దతిచ్చే రిపబ్లికన్ పార్టీకి పడిన ఓట్లు ఏడు. ఏడువేలు కాదు, ఏడు.

అందుకే 1877 రాజీతో సైన్యం దక్షిణాదిని వదిలి వెళ్ళిపోవడంతో అంతా ముగిసిందన్న మాట పూర్తిగా సరైంది కాదు. 1876 అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ హేస్‌కు 185, డెమొక్రాట్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లు అని తేలాక, ఏప్రిల్‌లో కొలంబియా (దక్షిణ కరోలినా), న్యూ ఆర్లియన్స్ (లూయిజియానా) పట్టణాల్లో రాష్ట్ర ప్రభుత్వ భవనాలకు కాపలా ఉన్న సిపాయిలను బారక్‌లకు పంపారు. అంతే. మిగతా రాష్ట్రాలు అప్పటికే ఒక్కొక్కటిగా చేజారాయి.

ఓటు పూర్తిగా పోవడం మొదలవడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసింది. ఓటు నిబంధనల్లో ఎక్కడా రంగు మాట లేదు. రెండు డాలర్ల తలపన్ను, అధికారి అడిగితే రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదవడమో, చదివితే విని అర్థం చెప్పడమో. అర్థం సరిగ్గా చెప్పాడా లేదా అన్నది ఆ అధికారి ఇష్టం. 1898లో సుప్రీంకోర్టు సరేనంది. అదే ఏడాది లూయిజియానా ఇలాంటి రాజ్యాంగమే చేసుకుంది. అక్కడ 1896లో 1,30,334గా ఉన్న నల్లజాతి ఓటర్ల సంఖ్య 1904లో 1,342కు దిగింది. మిసిసిపీలో ఇంకో చిన్న నియమం ఉంది. గడిచిన రెండేళ్ళ పన్నులూ ఎన్నికల సంవత్సరం ఫిబ్రవరి 1 లోపు కట్టి ఉండాలి, ఓటు వేసేటప్పుడు ఆధారం చూపాలి. పాలు రైతు ఖాతా తేలేది డిసెంబరులో. అప్పుడు చేతిలో రెండు డాలర్లు మిగలాలి, ముందటేడూ మిగిలి ఉండాలి, ఆ రెండు రసీదులూ నవంబరు దాకా గుడిసెలో భద్రంగా ఉండాలి.